ఒంటిగంట దాకా ఆగిన కోత మిషన్

నేను నెల్లూరులో ఒక ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మని. మొన్నామధ్య నాలుగో తరగతి పిల్లలకు పక్షుల పాఠం చెబుతూ బోర్డు మీద గూడబాతు బొమ్మ వేశాను. దొరవారిసత్రం వైపు నుంచి వచ్చి మా బడిలో చేరిన ఒక పిల్ల లేచి, సంచి ఉండేది మెడకు కాదు టీచర్, ముక్కు కింద అని సరిదిద్దింది. నువ్వు చూశావా అంటే, రోజూ మా ఇంటి మీదుగానే పోతాయి అంది. నెల్లూరులో పుట్టి నలభై మూడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. చెన్నై వెళ్ళినప్పుడల్లా హైవే పక్కన నేలపట్టు పక్షుల కేంద్రం బోర్డు చూస్తూనే ఉన్నాను. ఒక్కసారీ దిగలేదు. నిజంగానే సిగ్గేసింది. నాకు సెలవు దొరికేది ఆదివారమే కాబట్టి ఆ ఆదివారమే వెళ్ళి తీరాలనుకున్నాను.

మా బడిలో పనిచేసే ఒకావిడ దొరవారిసత్రం దగ్గర ఆటో నడిపే ఏసోబు అనే ఆయన నంబరు ఇచ్చింది. శనివారం సాయంత్రం ఫోన్ చేస్తే ఆయన "వందనాలక్కా" అన్నాడు. ఎదుటి మనిషి వందనాలంటే మనమూ వందనాలు అనడం మర్యాద కదా అని నేనూ అన్నాను. దాంతో ఆయన గొంతులో చనువు వచ్చేసింది. రేపు ఆదివారం కాబట్టి ఆరాధన అయ్యేదాకా ఆటో తియ్యననీ, నేను పొద్దున్నే వచ్చేసి వాళ్ళతోపాటు ఆరాధనలో కూర్చుంటే, భోజనం చేసి ఒంటిగంటకు బయల్దేరవచ్చనీ చెప్పాడు. పక్షుల్ని చూడ్డానికి మధ్యాహ్నం ఏమిటని నాకు ఒళ్ళు మండింది. వేరే ఆటో ఉందా అని అడిగాను. మా ఊళ్ళో మూడుండాయక్కా, మూడూ మా చర్చి సంఘంలోవే అన్నాడు. ఇక చేసేదేముంది, సరే అన్నాను. ముక్కూ మొహం తెలియని మనిషిని ఆరాధనకూ భోజనానికీ ఎందుకు పిలిచాడన్నది మాత్రం నాకు తట్టలేదు.

నెల్లూరు బస్టాండులో ఆరుంబావుకు నాయుడుపేట బస్సెక్కాను. వెంకటాచలం దాటేసరికి తెల్లగా తెల్లారిపోయింది. రోడ్డుకు రెండు పక్కలా వరి పండి పసుపుపచ్చగా ఉంది. కొన్ని మళ్ళు అప్పటికే కోసేశారు. ఎనిమిదికి కాస్త ముందు నాయుడుపేటలో దిగాను. టికెట్ వంద లోపే. బస్టాండు పక్కన బండి దగ్గర రెండు కారం దోసెలు తిన్నాను. దోసెలు వేసే ఆవిడ నా మెడలో కెమెరా చూసి, "పక్షులకి పోతాండారా మేడమ్? గొడుగు తెచ్చుకున్నారా? సాయంత్రానికి వాన అంట" అంది. తూర్పు వైపు మబ్బు కమ్మి ఉంది. గొడుగు తేలేదు. గొడుగు లేకపోతే తడుస్తాను, అంతకన్నా ఏమవుతుందని అనుకున్నాను. కోతల కాలంలో వాన అనే మాట ఆ చుట్టుపక్కల వాళ్ళకు ఎలా వినిపిస్తుందో నాకు ఇంకో రెండు గంటలకు గానీ తెలియలేదు.

అక్కడి నుంచి ఇంకో బస్సు పట్టుకుని తొమ్మిదికల్లా దొరవారిసత్రం చేరాను. ఏసోబు రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, తడిపి దువ్విన జుట్టు. ఆటో లేదు. ఇంటి దగ్గరే ఉందట. ఆరాధన అయ్యేదాకా తాళంచెవి ముట్టడట. నన్ను తీసుకెళ్ళడానికి కిలోమీటరుకు పైగా నడిచి వచ్చాడు. నా నుదుటి బొట్టు వైపు ఒకసారి చూశాడు. దారిలో, నెల్లూరులో మీది ఏ సంఘం అక్కా అని అడిగాడు. అప్పుడు వెలిగింది నాకు. వాళ్ళలో వందనాలకు వందనాలు అన్నామంటే విశ్వాసులమని చెప్పుకున్నట్టే. నేను క్రైస్తవురాలిని కాదనీ, మర్యాద కోసం అన్నాననీ చెప్పేశాను. ఆయన రెండడుగులు వేసి, "అయితే ఇంకా మంచిదేలేక్కా, కూచోండి, పోయేదేముంది" అన్నాడు.

ఇంట్లో ఆయన భార్య రాహేలమ్మ బియ్యం కడగబోతూ ఉంది. కొలిచి గిన్నెలో పోసిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, గోడ పక్కన ఉన్న మూత డబ్బాలో వేసి, తర్వాతే నీళ్ళు పోసింది. అదేమిటని అడిగాను. దేవుడి పాలు, అంటే దేవుడి వాటా, అంది. ఏ పూట వండినా ఒక పిడికెడు డబ్బాలోకి పోతుంది, నెలాఖరుకు డబ్బా గుడికి, అదే వాళ్ళ చర్చికి, పోతుంది. ఆ బియ్యం అయ్యగారి ఇంటికో, ఊళ్ళో తిండికి లేనివాళ్ళకో ఇస్తారు. అయ్యగారంటే వాళ్ళ పాస్టరు. ఇంట్లో బియ్యం తక్కువున్న రోజు ఏం చేస్తారని అడిగాను, నా నోరు ఊరుకోదు కదా. "ఆ రోజు పిడికిలి చిన్నదవతాది, అంతే" అంది ఆవిడ. పొద్దున లేస్తే ప్రార్థన కాకుండా టీ గొంతు దిగదనీ, శుక్రవారం పగలంతా ఉపవాసమనీ, ఆటో కొన్నప్పుడు కూడా మంచిరోజు చూడలేదనీ, డబ్బు సర్దుబాటైన రోజే తెచ్చుకున్నామనీ మాటల్లో చెప్పింది. మంచిరోజూ చెడ్డరోజూ వాళ్ళకు ఉండవు. దేవుడు చేసిన రోజులన్నీ ఒకటే, ఆదివారం తప్ప.

గడపలో నిలబడితే పొలం కనిపిస్తుంది. రెండెకరాలు, కౌలుకు చేస్తున్నారు. చేను బంగారం లాగా ఉంది గానీ, వారం కిందటి గాలికి ఒక మూల నేలకొరిగింది. ఇంకో వాన పడితే కంకిలోనే మొలకలు వస్తాయి. కిందటేడు అలాగే పోయిందట. గట్టు అవతలి పొలం పెంచలయ్య అనే రైతుది. ఆ పొలంలోకి కోత మిషన్ దిగుతోంది. బురదలోనూ నడిచే చైన్ మిషన్, తమిళనాడు నుంచి వచ్చింది. పెంచలయ్య చేను అయిపోగానే నాయుడుపేట అవతల ఎక్కడికో పోవాలి. పోయిందంటే మళ్ళీ వారం దాకా రాదు. మంచు ఆరాలి కాబట్టి తొమ్మిదిన్నర లోపు కోతకు దిగలేదు. పదికి ఆరాధన మొదలవుతుంది. మీరు గుడిలో ఉంటే ఉండండి, మిషన్ అతను కోసుకుంటాడు కదా అన్నాను. పెంచలయ్య కూడా అదే చెప్పాడట. "మనం చెయ్యకపోతే చాలదక్కా. ఆ పొద్దు మన పని ఇంకొకరి చేత చేయించినా చేసినట్టే" అన్నాడు ఏసోబు. ఆరాధన అయ్యాక మిషన్ ఇంకా ఉంటే కోయించుకుంటాడు. లేకపోతే లేదు. చెప్పినంత తేలిగ్గా ఆయన మొహం లేదు. మాటిమాటికీ తూర్పు వైపు చూస్తున్నాడు. ఏడాది తిండిగింజలు ఆ చేలోనే ఉన్నాయి మరి. నాకు కోపం వచ్చింది. అది ఏసోబు మీదో, మబ్బు మీదో, ఆదివారం మీదో తేల్చుకోలేకపోయాను.

గుడి రేకుల కప్పుతో ఉన్న పెద్ద గది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళంతా తలమీద కొంగు వేసుకున్నారు, నేనూ చున్నీ కప్పుకున్నాను. పాటలయ్యాక ఒక్కొక్కరూ లేచి ప్రార్థన కోసం తమ అవసరాలు చెప్పుకున్నారు. ఒకామెకు మోకాలి నొప్పి, ఇంకొకరి పిల్లకు నర్సింగు పరీక్ష. రాహేలమ్మ లేచి, మిషన్ పోకుండా, వాన రాకుండా ప్రార్థన చెయ్యమని అడిగి కూర్చుంది. ఆ తర్వాత అయ్యగారు, నెల్లూరు నుంచి వచ్చిన సిస్టర్ సాక్ష్యం చెబుతారని ప్రకటించేశారు. దేవుడు తమ జీవితంలో ఏం చేశాడో కొత్తగా వచ్చినవాళ్ళు లేచి చెప్పడం వాళ్ళ ఆనవాయితీ. నేను విశ్వాసిని కాదన్న సంగతి అయ్యగారికి చెప్పడానికి ఏసోబుకు తీరిక చిక్కలేదు కాబోలు, తల దించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా గుళ్ళకు వెళ్ళి వరసగా కోరికలు కోరుకోవడమే గానీ, ఇచ్చిందేమిటో నలుగురిలో చెప్పే అలవాటు నాకు లేదు. లేచి, నేను మీలో మనిషిని కాదు, గూడబాతు సంచి ఎక్కడుంటుందో చూసిపోదామని వచ్చాను అన్నాను. అందరూ నవ్వారు. అయ్యగారూ నవ్వి, ఈ సిస్టర్ కోసం కూడా ప్రార్థన చేద్దామన్నారు. నా కోసం అలా నోరారా ప్రార్థన చేయడం వినడం నాకు అదే మొదటిసారి. ఇబ్బందిగానూ ఉంది, బాగానూ ఉంది.

ప్రసంగం జరుగుతున్నంతసేపూ కిటికీలోంచి మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. నా పక్కన కూర్చున్న రాహేలమ్మ చూపు అయ్యగారి మీద, చెవి ఆ చప్పుడు మీద. మిషన్ మలుపు తిరిగినప్పుడు చప్పుడు తగ్గితే ఆవిడ వేళ్ళు చాప అంచును పట్టుకునేవి, మళ్ళీ హోరెత్తితే వదిలేవి. పన్నెండుకు ఇంకో అయిదు నిమిషాలుందనగా చప్పుడు ఆగిపోయింది. నేను లోపల లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మళ్ళీ మొదలవలేదు. పెంచలయ్య చేను అయిపోయిందన్న మాట. ఆరాధన ఇంకో గంటకు గానీ అయిపోదు. రాహేలమ్మ లేవలేదు, అవతల ఏసోబూ లేవలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ తల తిప్పలేదు. ఆ గదిలో లేచి వెళ్ళగలిగింది నేనొక్కదాన్నే. నాకు ఆదివారం నియమం లేదు. మెల్లగా లేచి, గుట్టగా పడి ఉన్న చెప్పుల్లోంచి నావి వెతుక్కుని, గట్లెమ్మట పరిగెత్తాను.

మిషన్ పొలం పక్కన బాట మీద, మొహం రోడ్డు వైపు తిప్పుకుని నిలబడి ఉంది. దాని నీడలో డ్రైవరు శెల్వం కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. పక్కన తువ్వాలు భుజాన వేసుకుని అరవై ఏళ్ళ మనిషి మజ్జిగ మిరపకాయలు అందిస్తున్నాడు. ఆయనే పెంచలయ్య. ఏసోబు వచ్చేదాకా ఆగమని చెప్పడానికి వచ్చానని రొప్పుతూ చెప్పాను. నువ్వు కూచో తల్లీ, ఆగేవుండాది అన్నాడాయన. శెల్వం అరవం కలిసిన తెలుగులో విషయం చెప్పాడు. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా యమగండం, ఆ వేళలో బండి కొత్త దారి ఎక్కకూడదు, వాళ్ళ ఊళ్ళోనూ ఇది గట్టిగా పాటిస్తారు, పెద్దాయన గుర్తు చేసి మంచిపని చేశారట. పంచాంగం ప్రకారం ప్రయాణానికి పనికిరాని గంటన్నర అది. మరి ఒంటిగంటకు ఏసోబు చేలో దిగితే యమగండం కాదా అని నేను ఉండబట్టలేక అడిగాను. పెంచలయ్య నా వైపు గుర్రుగా చూసి, యమగండం ప్రయాణానికేననీ, పక్క చేలోకి దిగడం జరుగుతున్న పనేననీ శెల్వానికి వినబడేలా చెప్పాడు. శెల్వం తల ఊపి ఇంకో మిరపకాయ తీసుకున్నాడు.

అతను చెయ్యి కడుక్కోవడానికి కాలవ దగ్గరికి వెళ్ళాక పెంచలయ్య గొంతు తగ్గించాడు. "నేనేం రోజూ చూస్తానా తల్లీ ఇయ్యన్నీ. మొన్న ఆదివారం పన్నెండున్నరకే బండెక్కి నాయుడుపేట పొయ్యొచ్చినా." మరెందుకు చెప్పావన్నట్టు చూశాను. "మిషన్ని ఆదివారం రమ్మనింది నేనే. రేపు అమావాస్య, ఎల్లుండి మంగళారం, ఆ రెండ్రోజులూ నేను కొడవలి పట్టను, అది మాత్రం మా నాయన కాడ్నించీ ఉండేదే. నా పట్టింపు కోసం వాడి పంట పోతే ఎట్టా?" కాలవ వైపు ఓ చూపు వేసి, "ఏసోబుకి మాత్రం చెప్పబాక. వాళ్ళు ఇయ్యి నమ్మరు. యమగండం పేరు చెప్పి ఆపినానంటే కోయించుకోడు, అట్టాంటోడు వాడు" అన్నాడు. చెప్పనని మాటిచ్చాను.

ఒంటిగంట దాటి పది నిమిషాలకు ఏసోబు దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. బాట మీద మిషన్ని చూసి అక్కడే నిలబడిపోయాడు. తెల్లచొక్కా విప్పి మడిచి గట్టు మీద పెట్టి చేలోకి దిగాడు. మూడయ్యేసరికి రెండెకరాలూ అయిపోయాయి. పడిపోయిన మూలను మిషన్ అందుకోలేకపోతే, రాహేలమ్మా పెంచలయ్య భార్యా కొడవళ్ళతో కోసి మిషన్లో వేశారు. వడ్లు ట్రాక్టరులో ఇంటి ముందుకు చేరాయి, పైన టార్పాలిన్ పట్ట కప్పి అంచుల మీద రాళ్ళు పెట్టారు. అప్పుడు తిన్నాం భోజనం, వంకాయ పులుసు, ఎండుచేపల వేపుడు. నేను ఆకలితో మూడుసార్లు వడ్డించుకున్నాను.

నేలపట్టు అక్కడికి దగ్గరే, ఆటోలో పావుగంట పట్టలేదు. రానూపోనూ, అక్కడ ఆగడానికీ కలిపి మూడువందలకు మాట్లాడుకున్నాం. చెరువు నీళ్ళలో మునిగి ఉన్న చెట్ల నిండా గూడబాతులే. సంచి ముక్కు కిందే ఉంది. పిల్ల పక్షులు తల మొత్తం తల్లి నోట్లో దూర్చి మేత లాక్కుంటున్నాయి. బైనాక్యులర్స్ అక్కడ దొరక్కపోవచ్చు, మీవి మీరు తీసుకెళ్ళండి. వాచ్ టవర్ ఎక్కి చూస్తుండగా అయిదుంబావుకు వాన మొదలైంది. చినుకులు కాదు, కుండపోత. ఏసోబు చెయ్యి చాచి ఆ నీళ్ళు పట్టి మొహం తుడుచుకున్నాడు. ఆయన మనసారా నవ్వడం పొద్దున్నుంచి అదే మొదటిసారి.

తర్వాత, పక్షుల వైపే చూస్తూ అడిగాడు. "పెంచలయ్య ఏం చెప్పి ఆపినాడక్కా మిషన్ని?"

నాకేం తెలుసు అన్నాను. మీరు గుడిలోంచి లేచిపోయింది చూసినా అన్నాడు. వచ్చే ఆదివారం కోతల పండుగట. కొత్త వడ్లలో మొదటి గంప గుడిలో పెడతారు. "అబద్ధం చెప్పి ఆపుంటే ఆ గింజ ఆడ పెట్టలేను. పెట్టకపోతే మేం తినలేం. అందుకని అడగతా ఉండా" అన్నాడు. నేను మాటిచ్చిన సంగతి పక్కన పెట్టేశాను. యమగండం అన్నాడని చెప్పేశాను. ఏసోబు టవర్ కమ్మీ పట్టుకుని వాన వైపు తిరిగాడు. ఇంటికి చేరిన రెండెకరాల పంటను, నోరు జారి నేనే వాళ్ళు తినకుండా చేశానేమో అనుకున్నాను.

"పెంచలయ్య అది నమ్ముతాడా అక్కా?" అన్నాడు చివరికి. "నమ్మి చెప్పుంటే అబద్ధం కాదు గదా. నేను నమ్మకపోయినా."

"నమ్ముతాడు" అన్నాను.

"అయితే సరే" అని చొక్కా చేతులు కిందికి దించుకుని బొత్తాలు పెట్టుకున్నాడు.

ఏడున్నర బస్సుకు తడిసిన బట్టలతోనే తిరిగివచ్చాను. మతం అంటే పండుగలూ ఊరేగింపులూ మైకులూ అనుకునేదాన్ని. అక్కడ నేను చూసింది వేరు. ఆటో తాళం ఎప్పుడు ముట్టాలి, కొడవలి ఏ రోజు పట్టకూడదు, గిన్నెలో పోసిన బియ్యంలో ఎంత తియ్యాలి, ఇంటికొచ్చిన గింజ ఏ మాట మీద వచ్చింది. ఒకరి నియమం వల్ల ఇంకొకరి పంటకు ముప్పొస్తే, ఆ ముప్పును వాళ్ళే ఎలాగో కాసుకుంటున్నారు. నేను అబద్ధం ఆడాను, దాచుకోను. పిల్లలకు రోజూ నిజమే చెప్పమని పాఠం చెప్పేదాన్ని, ఆ రోజు ఇంకో మాట చెప్పి ఉంటే బాగుండేదని ఒక్కసారి కూడా అనిపించలేదు. తప్పే అయితే అది నా తప్పు, ఆ గంపది కాదు.

మీరు వెళ్ళదలచుకుంటే పక్షులు ఉండేది చలికాలంలో, మార్చి దాటితే తగ్గిపోతాయి. ఆదివారమైతే ఆటో ఒంటిగంట తర్వాతకు మాట్లాడుకోండి, గొడుగు పెట్టుకోండి. పేర్లన్నీ మార్చి రాశాను. అయినా అటు వైపు తెల్లచొక్కా ఆటో ఆయన తగిలి, మాటల్లో పక్క పొలం ఆయన యమగండం పాటిస్తాడా అని అడిగితే, పాటిస్తాడనే చెప్పండి.